ఏడువేల చుట్లు

హలో… ఆ, నేనే. వలి తాతనే.

ధనశ్రీనా? ఏంటమ్మాయ్ ఈ వేళప్పుడు? క్లాసులు లేవా?…

నెమ్మదిగా. ఒక్కో ముక్కా చెప్పు. మాట కంటే నీ ఏడుపే ఎక్కువ వినపడుతోంది నాకు.

కరెంటు మాండలిన్ పలకట్లేదా? అసలుకేనా… గురగుర కూడా లేదా?

ఊఁ. సెలక్షన్ ఎన్నింటికి?

నాలుగింటికా! ఇప్పుడు మూడూ ఐదు. నువ్వు గుంటూరు హాస్టల్లో, నేను చీరాల కొట్లో. బస్సెక్కి వచ్చేసే దూరమా ఇది? పొద్దున్నే ఏడిస్తే ఆ ఏడుపుకో అర్థముండేది.

సరే సరే, తిట్టట్లేదు. ఇంకా మొదలెట్టలేదు.

వార్డెను మేడం ఏమన్నారు, మళ్ళీ చెప్పు?… ఆ… కాలేజీ మ్యూజిక్ టీములోకి నిన్ను తీసుకుంటే ప్రిన్సిపాలు గారు కాయితం ఇస్తారు, మాండలిన్ గదిలో ఉంచుకోవచ్చు. తీసుకోకపోతే దాన్ని ఈ సాయంత్రమే చీరాల బస్సులో వేసి ఇంటికి పంపేస్తారు. అంతేగా?

అంతే అని అంత తేలిగ్గా అనకు. ఇంటికొస్తే ఏమవుద్దో నాకు తెలుసు. మీ ఇంట్లో మగ్గం గుంట పోగా మిగిలింది మంచమంత చోటు. అటకెక్కుద్ది. నువ్వు నెలకోసారి వచ్చి దుమ్ము దులిపి చూసుకుంటావు. ఏడాది తిరిగేసరికి వేళ్ళ మీది కాయలు పోతాయి. ఆ తరవాత అదొకటుందని కూడా గుర్తుండదు. అట్టా అటకెక్కిన వీణలూ హార్మోనియంలూ ఎన్ని చూళ్ళేదు నేను!

ఏడవకు. ముందు దాన్ని ఒళ్ళోంచి దించు, నీళ్ళు పడతాయి.

పక్కన ఎవరున్నారు?… మహిమా? నీ గదిలో ఉండే పిల్లేగా. మంచిది. ఫోను స్పీకర్లో పెట్టి మంచం మీద పెట్టు. నీ రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

పెట్టావా?… మహిమా, ఆ తలుపు దగ్గరికేసి రామ్మా.

ఇప్పుడా చిన్న స్పీకరు బాక్సు ఆన్ చెయ్యి. హెడ్‌ఫోను పీకెయ్… వినపడితే వినపడనీయవే! రెండేళ్ళు చెవుల్లోనే వాయించుకున్నావు, ఇవాళ కూడా దాక్కుంటే ఎట్టా?

మాండలిన్‌లోంచి వైరు తీసి, ఆ పిన్ను కొస మీద వేలు పెట్టు… షాకేం కొట్టదు, పెట్టు.

ఆ! బుర్రుమంది. ఇక్కడికే వినపడింది. బాక్సు బాగుంది, వైరు బాగుంది. అంటే తేడా మాండలిన్‌లోనే ఉంది.

మళ్ళీ గుచ్చు. కత్తెరుందా?… కత్తెర మొనతో, తీగల కింద నల్ల మూత ఉంది చూడు, దాని మీద మెల్లిగా తట్టు. కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్న రాగితీగ చుట్ట ఉంది. ఇనుము తగిలితే బాక్సులో టక్కుమనాలి.

…

తట్టావా?

…ఇంకోసారి.

లేదా. ఏం లేదా.

ఊఁ…

అమ్మాయ్. ఆ మూతకి రెండు స్క్రూలుంటాయి. నీ చేతికిచ్చిన రోజున వాటి మీద ఎర్ర లక్క చుక్కలు పెట్టాను. ఉన్నాయా ఆ చుక్కలు?

…

ఏంటి, మాట్లాడవు?

…మహిమా, నువ్వు చెప్పమ్మా. లక్క ఉందా, పోయిందా?

…

పోయింది.

విప్పావు! ఏదైనా చెయ్యి, ఆ మూత మాత్రం ముట్టుకోవద్దన్నానా లేదా? ఎప్పుడు విప్పావు?… పొద్దునా. ఎందుకూ?

మిరప దుమ్మా…

అది నిజమేలే. పక్కనే కోల్డ్ స్టోరేజీ, రోజంతా టిక్కీల లారీలు, బస్తాల కొద్దీ మిరపకాయలు. మీ కిటికీ ఊచలు కూడా ఎర్రబడ్డాయని మీ అమ్మ చెప్పింది. సరే, దులుపుదామనుకున్నావ్. దేంతో దులిపావ్?

…

టూత్‌బ్రష్షా!

ఒసేయ్! ఆ తీగ నీ తలవెంట్రుకలో సగం ఉండదే! దాన్ని టూత్‌బ్రష్షేసి తోమావా? ఇంజనీరింగు చదివేదానివి—

…

ఆ, తిడుతున్నా. ఇప్పుడు మొదలెట్టా. తెగింది కదా? తెగినప్పుడే ఎందుకు ఫోన్ చెయ్యలేదు?

…తిడతానని. ఇప్పుడేదో ముద్దు చేస్తున్నట్టు.

ఆగాగు. అతికేశావా? ఎట్టా అతికావు?

అగరొత్తి బూడిదా… బూడిదెందుకే?

…

మీ అమ్మ మగ్గం మీద అచ్చు అతికినట్టా?

…యా అల్లా.

లేదు, నవ్వట్లేదు. ఏడవాలో నవ్వాలో తెలీక దగ్గొచ్చింది. అచ్చం పేరమ్మ కూతురివే. పాత పోగు కొసా కొత్త పోగు కొసా కలిపి, వేళ్ళకి బూడిద రాసుకుని, నలిపి మెలేశావు. లాగి చూస్తే ఊడలేదు. అవునా?… ఊడదు. మీ అమ్మ అతికిన అచ్చుల మీద ఈ పేటలో ఎన్ని మగ్గాలు నడుస్తున్నాయో! కానీ అది నూలు తల్లీ, ఇది రాగి. దీని మీద వార్నీషుంటది. కంటికి కనపడని తొక్క. తొక్కకి తొక్కని ఎంత మెలేసినా కరెంటు దాటదు.

తెలుసా? చదివావా?… మరి చేతికెందుకు తెలీలేదు?

పోనీలే. చెయ్యి ఇంట్లో నేర్చుకుందే ముందు చేస్తది.

మూత మళ్ళీ విప్పు. మహిమా, నీ ఫోను లైటు పట్టుకో. ఇద్దరూ వినండి. దీన్నిబట్టే మిగతాదంతా. తెగింది బయటి కొసా, లోపలి కొసా?… చుట్ట పైనుంచి వచ్చేదా, అడుగునుంచి వచ్చేదా?

బాగా చూసి చెప్పు. తొందరేం లేదు.

…తొందర ఉందనుకో. అయినా బాగా చూడు.

పైనుంచి వచ్చేదే? ఒట్టు?

హమ్మయ్య. బయటి కొసే. లోపలిది తెగుంటే ఇప్పుడే ఫోను పెట్టేసి బస్సు పార్సిలుకి గుడ్డ చుట్టుకోమనేవాణ్ణి. బతికింది.

నువ్వు మెలేసింది విప్పకు, అక్కడికి కత్తిరించెయ్. చుట్ట మీంచి ఒక్క చుట్టు వెనక్కి తియ్యి. ఒక్కటే. మైనం పోసి ఉంది కదా, అంటుకునుంటది. గోటితో కాదు, గుండుసూది పక్కవాటంగా పెట్టి లేపు…

వస్తోందా?… అట్టాగే. లాగకు. దానంతటదే రావాలి.

ఇప్పుడా కొస, అర గోరంత మేర, తొక్క గియ్యాలి. బ్లేడు కాదు, తెగిపోద్ది. గోళ్ళు అరగదీసుకునే గరుకు పుల్లేదన్నా ఉందా?… మహిమ దగ్గరుందా, బతికించింది. వేలి మీద తీగ పరుచుకుని, ఆ పుల్లతో రెండే రెండుసార్లు నిమురు. తోమిన రాగి చెంబులా మెరవాలి.

…

ఏమైంది?

…తెగిందా. ఎంత మేర?… పర్లేదు. ఇంకో చుట్టు తీసుకో. ఏడువేల చుట్లలో రెండు పోతే సముద్రంలో చెంబుడు నీళ్ళు పోయినట్టు.

ఏడువేలే. లెక్క మీ అమ్మదే. కండెలు చుట్టే రాట్నం తను తిప్పుతుంటే, నేను వేళ్ళ సందున తీగ నడిపాను. రెండు రోజులు. బిగిస్తే తెగుద్ది, వదిలేస్తే కుప్ప పడుద్ది…

పాడైతేనా? పాడైతే ఏముందే, ఇంకోటి చుడతాను. దానికంత భయమెందుకు? చేతులు బిగబెట్టుకోకుండా పని చెయ్యి.

మెరిసిందా? చాలు. ఇంక టంకం వెయ్యాలి. నీకిచ్చిన సోల్డరింగ్ ఐరన్ తీయ్.

…

ఎవరు తీసుకున్నారు?

కెటిళ్ళూ ఇస్త్రీ పెట్టెలూ పట్టుకుపోయినప్పుడా… మొన్న తనిఖీలోనా? మరి నాకు చెప్పొద్దా! ఇప్పుడు ఆఫీసులో ఉందా?… వార్డెను బీరువాలో. ఊఁ.

ఎంతయింది టైము?… మూడున్నరా.

మెలేసి వదిలేస్తే పలుకుద్ది, ఒక పది నిమిషాలు. రెండో పాట మధ్యలో చస్తది. అది ఇంకా ఘోరం. టంకం పడాల్సిందే. వెళ్ళి అడుగు—

ఎవరది? తలుపు కొడుతున్నారా?

…ఎవరు, మేడమేనా?

దాచకు! మూత విప్పిన మాండలిన్‌ని దుప్పటి కింద దోపావో, ఉన్న కొస కూడా పోద్ది. అట్టాగే ఉంచి తలుపు తియ్యి. తియ్యమ్మా. నేనున్నాగా ఫోన్లో.

…

…

హలో? నమస్కారమండీ, మేడం గారూ. ఖాదర్ వలినండీ, చీరాల నుంచి.

నేనా? ఏమీ కానండీ. వాళ్ళ పేటలో రేడియోలు బాగుచేసేవాణ్ణి. ఆ వాయిద్యం చేసిచ్చింది నేనే.

…ఔనండి. తెలుసండి.

…మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజమండి. నేనూ నలభై ఏళ్ళు కరెంటుతో బతికినోణ్ణే. పరుపుల మధ్య సోల్డరింగ్ ఐరన్ పెట్టుకుంటే మీరే కాదు, నేనైనా లాక్కుంటాను. అది గదిలో పెట్టుకోమని ఇచ్చిన తప్పు నాది, పిల్లది కాదు.

…ఎవరికండీ? పోయినేడా?… అయ్యో. కెటిలు వల్లనా. చెయ్యంతా కాలిందా… ఇప్పుడెట్టా ఉందండీ ఆ అమ్మాయి?

…మరి మీరట్టా ఉండకపోతే ఎట్టా కుదురుద్ది. నూట ఎనభై మంది పిల్లలు. నిద్ర పట్టదు.

లేదండి, గదిలో వద్దు. నేనడిగేది ఒకటేనండి. మీ ఆఫీసులో, మీ బల్ల మీద, మీ కళ్ళ ముందు. ఐదు నిమిషాలు. అవ్వగానే ప్లగ్గు మీ చేత్తోనే పీకెయ్యండి.

…

అట్టా అనకండమ్మా. ఒక్క నిమిషం… ఒక్క నిమిషం. ఆ ఫోను స్పీకరు ఆపి చెవి దగ్గర పెట్టుకోండి. కొంచెం అవతలికి వెళ్ళండి, పిల్లలకి వినపడకూడదు.

ఆపారా?

…అమ్మా, ఆ తీగచుట్ట మళ్ళీ రాదండి. దానికి ఇంకోటి చుడతానని ఇందాక అమ్మాయితో గొప్పగా చెప్పాను. చుట్టలేను. నా చేతులు వణుకుతున్నాయి. రంజాన్ ముందు నుంచీ. టీ గ్లాసు సగం కింద పోతోంది, ఇంక వెంట్రుకలాంటి తీగ ఏం నడుపుతాను? రెండుసార్లు ప్రయత్నం చేశాను. వంద చుట్లు కూడా దాటలేదు.

కొట్లోకి కొత్త పని తీసుకోవట్లేదండి. పిల్లలు ఫోన్లు రీఛార్జి చేయించుకోడానికొస్తే వాళ్ళనే నొక్కుకోమంటున్నా.

అది పిల్లకి తెలియకూడదు. తెలిస్తే ఇప్పుడు దాని చెయ్యి కూడా వణుకుద్ది. ఆ ఒక్క కొస సరిగ్గా అతికితే ఇంకో పాతికేళ్ళు పలుకుద్దండి. లేకపోతే ఇవాళ్టితో సరి. అందుకని అడుగుతున్నానండీ. ఇంకేం లేదు.

…

…మేడం గారూ? ఉన్నారా?

ఉన్నారా. వస్తున్నారా ఆఫీసుకి? ముగ్గురూనా? మీ మేలు మర్చిపోనండి. నడవండి, నడవండి, నేను లైన్లోనే ఉంటాను.

…

…

ఆ, అమ్మాయ్. ప్లగ్గు పెట్టారా? ఐరన్ వేడెక్కేలోపు… హలో? మాట్లాడవే?

…ఏంటా ఎక్కిళ్ళు మళ్ళీ?

…

ఏం విన్నావు?

స్పీకరు ఆపారుగా!… ఏది నొక్కారండీ మేడం గారూ? పోనివ్వండి, పోనివ్వండి. ఈ ఫోన్లన్నీ అంతే. మీ తప్పేం లేదు.

విన్నావన్నమాట. మొత్తం విన్నావా?

…ఊఁ.

చూడు. అబద్ధం చెప్పా. నిజమే. అది దొంగతనమేం కాదు. ఇప్పుడు దాని గురించి ఏడ్చావంటే మాత్రం నేను నిజంగా తిడతా. వినపడుతోందా? కళ్ళు తుడుచుకో. కళ్ళల్లో నీళ్ళుంటే ఒక తీగ రెండుగా కనపడుద్ది.

తుడిచావా? ఏదీ, చేతులు చాపి చూసుకో. వణుకుతున్నాయా?

…లేదా. మహిమా, నిజమేనా?… నిజమే. సరే అయితే.

మేడం గారూ, ఆ లైటు మీరు పట్టుకోండమ్మా. మహిమ మాండలిన్‌ని కదలకుండా పట్టుకుంటది. ఫ్యాను ఆపండి. గాలికి తీగ ఎగురుద్ది.

ఇప్పుడు, అమ్మాయ్. పక్కన చిన్న ఇత్తడి నాలుక ఉంది చూడు, పాత టంకం బొట్టు ఉన్నది. తీగ కొస దానికి రెండు మెలికలు చుట్టు. కొంచెం వదులుంచు. వీణ తీగలా బిగించకు… ఆ. వదులుందా?

ఐరన్ మొన ఆ నాలుకకి ఆనించు. తీగకి కాదు! తీగకి తాకిందంటే ఆవిరైపోద్ది. నాలుకకే. అది కాగాలి. పాత బొట్టు కరిగి మెరుస్తది. మెరిసినప్పుడు చెప్పు.

…

…

ఊపిరి బిగబట్టకు. మామూలుగా పీల్చు.

…

మెరిసిందా! టంకం పుల్ల తాకించు, ఒక్క ఆవగింజంత. తీసెయ్. ఐరన్ కూడా తీసెయ్! ఊదకు, ఊదకు. దానంతటదే ఆరాలి. ఐదు లెక్కపెట్టు. నేనూ లెక్కపెడతా.

…

బొట్టెట్టా ఉంది? నున్నగా ఉందా, ఇసకలా ఉందా?

…నున్నగా. మేడం గారూ, మీరు చెప్పండి… అద్దంలా ఉందా?

సరే. ఐరన్ పీకెయ్యండి మీ చేత్తో. మాటంటే మాటే.

ఇంకా మూత పెట్టకు. వైరు గుచ్చు. బాక్సు తెచ్చారా?… ఆన్ చెయ్యి. కత్తెర మొనతో తట్టు.

…

…తట్టావా?

…

ఏం లేదా?

…

ఆగు. ఆగు. కంగారు పడకు. బాక్సు మీది గుండ్రటి బొత్తాం ఎక్కడుంది? సౌండుది… సున్నాలో ఉందా!

తిప్పవే తల్లీ! నా గుండె ఇక్కడ ఆగిపోయింది!

…

టక్! విన్నా. మళ్ళీ కొట్టు… టక్! ఇంక చాలు. కత్తెర పారెయ్. మూత బిగించి, వాయించు. ఏదో ఒకటి. నాలుగు స్వరాలు.

…

…

…రెండో తీగ రవ్వంత దిగింది. ఎక్కించు.

…

ఆ.

…

…

ఉన్నాను. ఇక్కడే ఉన్నాను. మాట్లాడకపోతే లేననుకుంటావా? వింటున్నా.

చాలు చాలు. అంతా ఇక్కడే అయిపోగొట్టకు, అక్కడికి కాస్త మిగుల్చుకో.

మేడం గారేదో అంటున్నారు… ఏంటండీ?

…రెండేళ్ళనుంచీ మీ పక్క గోడ అవతలే వాయిస్తోందండి. చెవుల్లో పెట్టుకుని. మీకెట్టా వినపడుద్ది?

…

సెలక్టయినా, కాకపోయినానా? మాండలిన్ ఇక్కడే ఉంచమని ప్రిన్సిపాలు గారికి మీరే రాస్తారా… ఐరన్ మీ బీరువాలోనే ఉంటదా, కావాల్సినప్పుడు మీ బల్ల దగ్గరికొచ్చి…

చల్లగా ఉండండి తల్లీ.

అమ్మాయ్, ఆ మాట నువ్వు వినలేదు. వినలేదనుకుని వాయించు. పంపరని తెలిస్తే బద్ధకిస్తావు.

మూడూ యాభై. నడువ్. సెమినార్ హాలు మెట్లెక్కేటప్పుడు వైరు కాళ్ళకి తగిలించుకోకు.

…

ఇంకా ఉన్నావేంటి?

…డాక్టరుకి చూపించుకున్నానులే. మందులు వేసుకుంటున్నా. పెరక్కుండా ఉంటదంట. తగ్గదంట.

…ఎట్టా చెప్పమంటావు? రేడియోలు బాగుచేసుకు బతికేవాడు, నా చేతులు పనికిరావట్లేదని ఊళ్ళో చెప్పుకుంటాడా? నీక్కూడా సిగ్గేసి చెప్పలేదు. పైగా నువ్వు వచ్చినప్పుడల్లా తాతా అది నేర్పు, ఇది నేర్పు అంటావు. చేత్తో చూపించలేక, మూత విప్పొద్దని భయపెట్టాను. అదీ సంగతి. ఆ లక్క చుక్కలు దానికే. ముందే నేర్పుంటే ఇవాళ నీకీ ఏడుపు ఉండేది కాదు.

…

సెలవులకి రా. మీ అమ్మ రాట్నం తిప్పుద్ది, తీగ నువ్వు నడుపు. నేను పక్కన కూర్చుని తిడతా. తిట్టడానికి చేతులక్కర్లేదుగా.

…ఒట్టే.

పోవే ఇంక! పిలుస్తున్నారు. ఫోను పెట్టెయ్.

…లేదమ్మా, నేను పెట్టలేను. ఇందాకటి నుంచీ నొక్కుతూనే ఉన్నా. ఈ ఎర్ర బొత్తాం మీద వేలు నిలవట్లేదు.

నువ్వే పెట్టెయ్.

…ఆ. పెట్టెయ్ తల్లీ—